బంగారం, వెండి ఎక్కడ పుట్టాయి? పేర్లు, గనులు, నక్షత్రాలు

వ్యాససంగ్రహం:

బంగారం, వెండి ఎక్కడ పుట్టాయన్న ప్రశ్నకు ప్రాచీన వాఙ్మయం నదులను, పర్వతాలను, అగ్నిని చూపింది. భూవిజ్ఞానం రాతిపొరలను, ఖగోళభౌతికశాస్త్రం నక్షత్రాలను చూపుతున్నాయి. ఈ సమాధానాలన్నీ ఒకే ప్రశ్నకు చెప్పినవి కావని, ‘పుట్టుక’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు దశలు కలిసిపోయాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరమాణుకేంద్రకం ఏర్పడటం, అది భూమిలో చేరటం, రాతిలో ఒకచోట కూడటం, మనిషి చేతికి అందటం అనేవి ఆ నాలుగు దశలు. తెలుగు, సంస్కృత లోహనామాలు వీటిలో ఏ దశను సూచిస్తున్నాయో పరిశీలించి, ప్రాచీన గ్రంథాలను ఆధునిక విజ్ఞానంతో అన్వయించేటప్పుడు పాటించవలసిన హద్దులను నిర్దేశించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బంగారం, వెండి, లోహనామాలు, అమరకోశం, అర్థశాస్త్రం, న్యూట్రాన్ నక్షత్రాలు, ధార్వాడ శిలలు, జొన్నగిరి.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య విద్యార్థికి బంగారం పర్యాయపదాల పట్టికగా ముందు పరిచయమవుతుంది. కనకం, కాంచనం, హేమం, హాటకం, జాంబూనదం, చామీకరం వంటి పదాలను కావ్యపాఠంలో ‘బంగారం’ అని ఒక్క మాటతో అర్థం చెప్పి ముందుకు సాగటం పరిపాటి. అయితే ఈ పదాలలో కొన్ని లోహం రంగును, కొన్ని అది దొరికే చోటును, కొన్ని అది దొరికే స్థితిని, మరికొన్ని దాని జన్మకథను చెబుతాయి. అంటే పర్యాయపదాల పట్టికలోనే ‘ఇది ఎక్కడిది?’ అన్న ప్రశ్నకు పూర్వులు ఇచ్చిన జవాబులు ఉన్నాయి.

ఆ ప్రశ్నకు గత డెబ్బై ఏళ్లలో విజ్ఞానశాస్త్రం చాలా దూరం వెళ్లి సమాధానం వెతికింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు సాధారణంగా రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. పురాణకథలోనే ఆధునిక ఖగోళశాస్త్రం ఉందనటం మొదటిది. ప్రాచీన గ్రంథాలలో ఉన్నదంతా కల్పనేనని తోసిపుచ్చటం రెండవది. ఈ రెండింటికీ దూరంగా ఉండాలంటే ముందుగా ప్రశ్నను విడదీసుకోవాలి.

2. పేర్లు చెప్పే మూలాలు:

2.1 రంగును చెప్పే పేర్లు:

ద్రావిడ భాషలలో వెండికి ఉన్న పేర్లు తెలుపు, కాంతి అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చాయి. తెలుగు ‘వెండి’, తమిళ ‘వెళ్ళి’, కన్నడ ‘బెళ్ళి’ ఒకే కుటుంబానివి. వెల్ల, వెలుగు, వెన్నెల అనే మాటలూ వీటి చుట్టాలే. అలాగే ‘పసిడి’, దాని రూపాంతరమైన ‘పైడి’ పసుపు, పచ్చ అనే మాటలతో సంబంధం కలవి. సంస్కృత ‘హిరణ్యం’ కూడా పసుపువన్నెను తెలిపే ‘హరి’, ‘హరిత’ శబ్దాలకు దగ్గరది. ‘రజతం’ మొదట తెల్లగా మెరిసేది అనే విశేషణం. తెల్లని హిరణ్యం అనే అర్థంలో ‘రజతం హిరణ్యం’ అన్న వాడుక వైదిక వాఙ్మయంలో కనిపిస్తుంది. ‘బంగారు’ శబ్దవ్యుత్పత్తిపై భిన్నాభిప్రాయాలున్నందున దానిని ఈ పట్టికలో చేర్చలేదు.

అమరకోశం బంగారానికి 19 పేర్లు, వెండికి 5 పేర్లు చెప్పింది. బంగారం ‘సువర్ణం’ కాగా వెండి ‘దుర్వర్ణం’ కావటం గమనించదగినది. రెండు లోహాలనూ పక్కపక్కన పెట్టి రంగుతో తూచిన చూపు ఈ జంటపదాలలో ఉంది.

2.2 చోటును, స్థితిని చెప్పే పేర్లు:

జాంబూనదం జంబూనదికి, శాతకుంభం ఒక పర్వతానికి, గాంగేయం గంగకు ముడిపడిన పేర్లు. ఈ స్థలవాచకాలను కౌటిల్యుని అర్థశాస్త్రం ఒక వర్గీకరణగా వాడుకుంది. జాంబూనదం, శాతకుంభం, హాటకం, వైణవం, శృంగశుక్తిజం అని ముందు చోటును బట్టి బంగారాన్ని పేర్కొని, తరువాత దొరికే తీరును బట్టి జాతరూపం, రసవిద్ధం, ఆకరోద్గతం అని మూడు రకాలు చెప్పింది.

ఈ మూడు మాటలూ చాలా విలువైనవి. పుట్టుకతోనే లోహరూపంలో ఉన్నది జాతరూపం. ఇసుకలోనో రాతిలోనో విడి లోహంగా కనిపించే బంగారానికి ఈ పేరు సరిగ్గా సరిపోతుంది. గనినుంచి ముడిరాయిగా వచ్చి, శుద్ధిచేస్తే లోహమయ్యేది ఆకరోద్గతం. పాదరసాది క్రియలతో తయారైనదని భావించినది రసవిద్ధం. మొదటి రెండింటికీ ప్రకృతిలో ఆధారం ఉంది. మూడవది రసాయన పద్ధతులలో సాధ్యం కాదు. దానికి కారణం మూడవ భాగంలో తెలుస్తుంది.

2.3 జన్మకథను చెప్పే పేర్లు:

తైత్తిరీయ సంహితలో అగ్ని రోదించగా జారిన కన్నీరు వెండి అయిందనే కథ ఉంది. యజ్ఞంలో వెండిని దక్షిణగా ఇవ్వరాదన్న నిషేధానికి ఈ కథ హేతువు. వాల్మీకి రామాయణం బాలకాండలో కుమారస్వామి జనన సందర్భాన, గంగ విడిచిన అగ్నితేజస్సు భూమిని చేరి బంగారం, వెండి అయిందని, దాని తీక్ష్ణత నుంచి రాగి, ఇనుము, మలం నుంచి తగరం, సీసం పుట్టాయని ఉంది. గాంగేయం, జాతరూపం అనే పేర్లకు ఈ కథ మరొక సమర్థన. జంబూనది విషయంలో పురాణాలు మరో కథ చెబుతాయి. మేరువు పక్కనున్న నేరేడుచెట్టు పండ్ల రసం నదియై పారగా, ఆ రసంలో తడిసిన ఒడ్డుమట్టి గాలికి, ఎండకు ఆరి బంగారమవుతుంది.

3. మొదటి దశ: కేంద్రకం పుట్టుక

ఒక లోహాన్ని ఆ లోహంగా నిలిపేది దాని పరమాణుకేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. వెండికి అవి 47, బంగారానికి 79. రసాయన చర్యలు కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల వరకే పనిచేస్తాయి. ప్రోటాన్ల సంఖ్యను మార్చలేవు. అందువల్లనే రసవాదులు తరతరాలుగా శ్రమించినా పాదరసం బంగారం కాలేదు. కేంద్రకాన్ని తాకగల యంత్రాలతో అది సాధ్యమే. జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాలలో 2015 నుంచి 2018 వరకు సీసపు కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో పంపినప్పుడు, అవి ఒకదానినొకటి అతిసమీపంగా దాటిపోయే వేళ కొన్ని మూడేసి ప్రోటాన్లు కోల్పోయి బంగారు కేంద్రకాలయ్యాయి. అలా ఏర్పడినవి సుమారు 8,600 కోట్లు. వాటి మొత్తం బరువు దాదాపు 29 పికోగ్రాములు, అంటే గ్రాములో లక్షకోట్లవంతు ప్రమాణంలో 29 పాళ్లు. అవి కూడా క్షణమాత్రంలో చెదిరిపోయాయి.

విశ్వారంభంలో ఏర్పడినవి ప్రధానంగా హైడ్రోజన్, హీలియం, లేశమాత్రంగా లిథియం. కార్బన్, ఆక్సిజన్ మొదలుకొని ఇనుము వరకు ఉన్న మూలకాలు పెద్ద నక్షత్రాల గర్భంలో కేంద్రకాల కలయిక ద్వారా ఏర్పడతాయి. ఇనుము దగ్గర ఈ కొలిమి ఆగిపోతుంది. అంతకంటే బరువైన కేంద్రకాలను కలిపితే శక్తి వెలువడదు. పైగా శక్తిని వెచ్చించవలసి వస్తుంది. కాబట్టి బంగారం, వెండి వంటివాటికి మరొక దారి కావాలి.

ఆ దారిని 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ కలిసి రాసిన పత్రం, అదే ఏడాది విడిగా ఆలస్టెయిర్ కామెరన్ చేసిన కృషి వివరించాయి. కేంద్రకాలు న్యూట్రాన్లను గ్రహించి బరువెక్కుతాయి. ఆపైన కొన్ని న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారి కొత్త మూలకం ఏర్పడుతుంది. ఇది వృద్ధనక్షత్రాలలో వేల సంవత్సరాలపాటు మెల్లగా జరిగితే మందగ్రహణం. న్యూట్రాన్లు వరదలా ఉన్నచోట క్షణాలలో జరిగితే శీఘ్రగ్రహణం. బంగారంలో దాదాపు అంతా, వెండిలో అధికభాగం శీఘ్రగ్రహణం వల్ల వచ్చినవే.

అంతటి న్యూట్రాన్ వరద ఎక్కడ ఉంటుందన్నది చాలాకాలం తేలలేదు. 2017 ఆగస్టు 17న లైగో, వర్గో పరిశీలనశాలలు రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనగా వెలువడిన గురుత్వతరంగాలను పట్టుకున్నాయి. సుమారు 1.7 సెకన్ల తరువాత గామాకిరణాల మెరుపు కనిపించింది. ప్రపంచవ్యాప్తంగా దూరదర్శినులు అటు తిరిగి, దాదాపు 13 కోట్ల కాంతిసంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 అనే నక్షత్రమండలంలో ఆ వెలుగును గుర్తించాయి. రోజులు గడిచేకొద్దీ ఆ వెలుగు నీలం నుంచి ఎరుపుకు మారి తగ్గిన తీరు, బరువైన మూలకాలు అక్కడ పెద్దమొత్తంలో తయారయ్యాయన్న సిద్ధాంతానికి సరిపోయింది. 2019లో అదే వెలుగు పటంలో స్ట్రాన్షియం గుర్తులను పరిశోధకులు చూపారు. బంగారపు గీత నేరుగా కనబడలేదు. ఒకే ప్రక్రియలో పుట్టే మూలకాల వరుసలో అది ఉండితీరాలన్నది అనుమితి. ప్రత్యక్షానికీ అనుమానప్రమాణానికీ ఉన్న ఈ తేడాను తెలుగులో రాసేటప్పుడు చెరపకూడదు.

న్యూట్రాన్ నక్షత్రాల తాకిడి ఒక్కటే మూలమని కూడా చెప్పలేము. అతితీవ్ర అయస్కాంతక్షేత్రం గల మాగ్నెటార్ ఒకటి 2004 డిసెంబరులో వెలిగించిన మహాజ్వాలను తిరిగి విశ్లేషించిన పరిశోధకులు, అటువంటి జ్వాలలలో కూడా శీఘ్రగ్రహణం జరిగినట్లు 2025లో ప్రతిపాదించారు. వేగంగా తిరుగుతూ కూలిపోయే మహానక్షత్రాలూ ఈ చర్చలో ఉన్నాయి. ఏది ఎంత పాలు అన్నది ఇంకా తేలవలసిన లెక్క. అయితే బంగారపు కేంద్రకాన్ని తయారుచేసే కొలిమి భూమిపై ఎక్కడా లేదన్న విషయంలో వివాదం లేదు.

4. రెండవ దశ: భూమిలో చేరిక

సుమారు 454 కోట్ల సంవత్సరాల క్రితం, పూర్వనక్షత్రాల శిథిలధూళి కలిసిన మేఘం నుంచి సూర్యునితో పాటు భూమి రూపొందింది. ఆ ధూళిలో బంగారం, వెండి ఉన్నాయి. అయితే భూమి కరిగి ఉన్న తొలిదశలో ఇనుము నడిమికి దిగి గర్భకేంద్రం అయింది. బంగారం, ప్లాటినం వంటివి కరిగిన ఇనుమును ఆశ్రయించే మూలకాలు కనుక వాటిలో అత్యధికభాగం ఇనుముతోపాటు అడుగుకు చేరింది. ఆ లెక్కన పైపొరలలో మనకు దొరకవలసినదానికంటే ఎక్కువ బంగారమే దొరుకుతున్నది.

ఈ చిక్కుకు ఎక్కువమంది అంగీకరించే సమాధానం ఇది: గర్భకేంద్రం ఏర్పడిన తరువాత ఉల్కాజాతి పదార్థం భూమిపై పడి, మొత్తం భూద్రవ్యరాశిలో సుమారు అరశాతం మేర చేరింది. దీనిని తెలుగులో ‘మలిపూత’ అనవచ్చు. గ్రీన్‌లాండ్‌లోని ఇసువా ప్రాంతపు దాదాపు 380 కోట్ల ఏళ్ల నాటి శిలలలో టంగ్‌స్టన్ ఐసోటోపుల నిష్పత్తి నేటి శిలలకు భిన్నంగా ఉందని 2011లో ప్రచురితమైన పరిశోధన ఈ భావనకు బలమిచ్చింది.

వెండి నడక కొంత వేరు. అది ఇనుమును పట్టుకున్నంత గట్టిగా గంధకాన్ని కూడా పట్టుకుంటుంది. తరువాతి దశలో వెండి సీసపు గంధకఖనిజాలతో కలిసి కనిపించటానికి మూలం ఈ స్వభావమే.

5. మూడవ దశ: రాతిలో కూడిక

భూమి పైపొరలో సగటున టన్ను రాతికి బంగారం కొన్ని మిల్లీగ్రాములు, వెండి కొన్ని పదుల మిల్లీగ్రాములు మాత్రమే. తవ్వితే గిట్టుబాటు కావాలంటే బంగారం టన్నుకు గ్రాముల్లో ఉండాలి. అంటే ప్రకృతి దానిని వెయ్యి రెట్ల మేర ఒకచోట కూడబెట్టాలి. ఆ పని చేసేది వేడినీరు. భూమిలో కిలోమీటర్ల లోతున గంధకం కలిసిన వేడినీరు రాళ్లలోని బంగారాన్ని కరిగించుకొని పగుళ్ల వెంట పైకి వస్తుంది. భూకదలికల వల్ల పగులు తెరుచుకొని ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినా, చుట్టూ ఉన్న ఇనుపరాళ్లు గంధకాన్ని లాగుకున్నా బంగారం నీటిని విడిచి పలుగురాతి చారలలో నిలిచిపోతుంది.

దక్షిణభారతంలో ఇందుకు నిలయమైనవి ధార్వాడ శిలావర్గం. దాదాపు 270 కోట్ల ఏళ్ల నాటి ఈ పచ్చశిలల పట్టీలలో కోలారు, హట్టి, రామగిరి, జొన్నగిరి ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్లు సాగే కోలారు పట్టీ దక్షిణపు కొస చిత్తూరు జిల్లాలోని చిగురుకుంట, బిసానత్తం దాకా వస్తుంది. కోలారులో 1880ల నుంచి ఆధునిక పద్ధతిలో తవ్వకం సాగి, గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు చేరి, సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతబడింది. రాయచూరు జిల్లాలోని హట్టి ఇంకా పనిచేస్తున్నది. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆధునిక యంత్రాలు రాకముందే వందల అడుగుల లోతుకు వెళ్లిన ప్రాచీన తవ్వకాలు అక్కడ బయటపడ్డాయి.

ఈ ప్రాంతంలో బంగారపు జాడకూ శాసనచరిత్రకూ దగ్గరి సంబంధం ఉంది. అశోకుని పేరు స్పష్టంగా ఉన్న మస్కి శాసనాన్ని 1915లో గుర్తించిన సి. బీడన్ బంగారు గనుల ఇంజినీరు. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి శాసనాలను వెలుగులోకి తెచ్చినవారు కూడా భూవిజ్ఞాన నిపుణులే. బ్రహ్మగిరి శాసనంలో మౌర్యుల దక్షిణ పాలనకేంద్రంగా పేర్కొన్న సువర్ణగిరి ఏదన్న విషయంలో కనకగిరి, మస్కి, జొన్నగిరి పేర్లు చర్చలో ఉన్నాయి. వీటిలో ఏది సరైనదైనా, ‘బంగారు కొండ’ అన్న పేరు ఈ శిలాపట్టీల నడుమ పుట్టటం కాకతాళీయమని అనుకోలేము.

రాతిలోని బంగారం కాలక్రమంలో శిథిలమై వాగుల్లోకి, నదుల్లోకి వస్తుంది. బరువెక్కువ కనుక వంపులలో, ఇసుకమేటల అడుగున నిలుస్తుంది. సువర్ణరేఖ నదీతీరంలో ఇసుకను కడిగి రేణువులు ఏరుకునే వృత్తి ఇటువంటిదే. నదిపేర్లతో బంగారాన్ని పిలవటం వెనుక ఈ అనుభవం ఉండి ఉంటుంది.

ప్రకృతిలో దొరికే బంగారంలో ఎప్పుడూ ఎంతో కొంత వెండి కలిసే ఉంటుంది. రెండు లోహాల పరమాణువులు దాదాపు ఒకే పరిమాణంలో ఉండి, ఒకదానిలో ఒకటి సులువుగా ఒదుగుతాయి. వెండి పాలు పెరిగేకొద్దీ పసుపు పలచబడుతుంది. గీటురాయిపై రంగును చూసి శుద్ధిని లెక్కగట్టే ‘వన్నె’ పద్ధతికి, ‘పదారువన్నె పసిడి’ అన్న పలుకుబడికి ఈ ప్రకృతిధర్మమే ఆధారం. గని నుంచి వచ్చినదంతా ఒకే వన్నెలో ఉంటే గీటురాయి అవసరమే ఉండేది కాదు.

6. వెండి దారి:

వెండి విడిలోహంగా దొరకటం అరుదు. ప్రధానంగా గలీనా అనే సీసపు ముడిఖనిజంలో, జింకు, రాగి ఖనిజాలలో అది అల్పాంశంగా దాగి ఉంటుంది. ముడిఖనిజాన్ని కరిగించి, వేడిగాలి ఊదినప్పుడు సీసం ఆక్సైడుగా మారి తొలగిపోతే వెండి మిగులుతుంది. నేటి భారతదేశపు వెండి ప్రధానంగా రాజస్థాన్‌లోని సీసం, జింకు గనుల ఉపఫలం.

అర్థశాస్త్రంలోని ఆకరాధ్యక్ష ప్రకరణం వెండి ధాతువులను వర్ణిస్తూ, అవి సీసంతోను, అంజనంతోను కలిసి ఉంటాయని చెప్పింది. వెండిని సీసంతో కరిగించి శుద్ధిచేయాలని కూడా విధించింది. ఇది గనివద్ద నిలబడి చూసినవారి మాట. నేటి భూవిజ్ఞానం దానిని ధ్రువీకరిస్తుంది.

7. నాలుగవ దశ: చేతికి అందటం

తెలుగునేలమీద కనిపించిన బంగారం, వెండి అంతా ఇక్కడి రాతినుంచి వచ్చినది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో భారతదేశం, చీనా, అరేబియా కలిసి ఏటా పదికోట్ల సెస్టెర్సుల మేర రోమను ధనాన్ని లాగుకుంటున్నాయని ప్లీనీ వాపోయాడు. ఆ నాణేలు నాగార్జునకొండలోను, నల్గొండ జిల్లా అక్కనపల్లిలోను దొరికాయి. రోమనులకు ముఖ్యమైన బంగారు గనులు స్పెయిన్‌లోని లాస్ మెడులాస్ వంటివి. 1545లో నేటి బొలీవియాలోని పొటోసిలో బయటపడిన వెండి ఐరోపా మీదుగా మొఘలుల టంకశాలలకు చేరి రూపాయలైంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో వర్తకస్థానాలు ఏర్పరచుకున్న డచ్చి, ఆంగ్ల వ్యాపారులు ఇక్కడి కలంకారీ, నూలు వస్త్రాలకు చెల్లించినది ప్రధానంగా ఈ విలువైన లోహాలతోనే. ‘రూపాయి’కి మూలమైన ‘రూప్యం’ వెండిపేరు, ‘హొన్ను’ బంగారుపేరు. లోహం దూరదేశాలదైనా మాట ఇక్కడిదే నిలిచింది.

8. అన్వయంలో హద్దులు:

బాలకాండ కథను చదివి, ఆకాశతేజస్సు భూమిని చేరి బంగారమైందన్న మాటలో నక్షత్రవిస్ఫోటనాన్ని చూడాలనిపించటం సహజం. అయితే ఆ కథ బంగారంతో ఆగలేదు. రాగి, ఇనుము, తగరం, సీసం కూడా అదే తేజస్సు నుంచి, తీక్ష్ణత, మలం అనే క్రమంలో పుట్టాయని చెప్పింది. నేటి విజ్ఞానం ప్రకారం ఇనుము బంగారం పుట్టే పద్ధతిలో పుట్టదు. తగరం, సీసం ఎక్కువగా మందగ్రహణఫలాలు. పైగా సీసపు కేంద్రకం బంగారపు కేంద్రకం కంటే బరువైనది. కాబట్టి కథలోని వరుస లోహాల విలువల సోపానం. అది భౌతికప్రక్రియల వర్ణన కాదు. ఒక అంశం కుదిరినంత మాత్రాన తక్కిన అంశాలను విడిచిపెట్టి సామ్యం చెప్పటం శాస్త్రానికీ కావ్యానికీ న్యాయం చేయదు.

అదే కొలతతో అర్థశాస్త్రాన్ని చూస్తే ఫలితం వేరు. సీసంతో వెండి కలిసి ఉంటుందన్నది పరీక్షకు నిలిచే వాక్యం. జాతరూపం, ఆకరోద్గతం అన్న విభజన నేటి గనిశాస్త్రంలోనూ ఉపయోగపడుతుంది. రసవిద్ధం మాత్రం నిలవదు. ఒకే గ్రంథంలోని ఒకే పట్టికలో ఒకటి నిలిచి మరొకటి నిలవకపోవచ్చు కనుక, గ్రంథాన్ని మొత్తంగా నమ్మటమో తోసివేయటమో కాక వాక్యాన్ని వాక్యంగా పరీక్షించాలి.

బోధనలోనూ దీని ప్రయోజనం ఉంది. ‘బంగారం భూమిలో పుడుతుంది’ అని పాఠం చెబితే, పంటలాగా అది మళ్లీ పుడుతుందన్న భావం విద్యార్థిలో నిలుస్తుంది. ‘భూమిలో కూడుతుంది’ అన్నప్పుడు ఆ కూడికకు పట్టిన కోట్ల సంవత్సరాల కాలం, తవ్వినది తిరిగి నిండదన్న సత్యం స్ఫురిస్తాయి. కోలారు మూతబడిన తీరును, రాయలసీమ గనుల గురించి నేడు సాగుతున్న చర్చను అర్థం చేసుకోవటానికి ఈ క్రియాపదభేదం అవసరం.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ‘బంగారం ఎక్కడిది?’ అన్నది నాలుగు దశల ప్రశ్న. కేంద్రకం నక్షత్రాల తాకిడి వంటి మహోత్పాతాలలో పుట్టింది. ధూళిగా, మలిపూతగా భూమిలో చేరింది. వేడినీటివల్ల రాతిలో కూడింది. గని ద్వారా, నది ద్వారా, వర్తకం ద్వారా చేతికి అందింది.

2. ద్రావిడ లోహనామాలు ప్రధానంగా రంగును, అనేక సంస్కృత నామాలు చోటును, స్థితిని, కథను ఆశ్రయించాయి. వీటిలో ప్రకృతిపరిశీలన బలంగా ఉన్నది మూడు, నాలుగు దశలకు సంబంధించిన పేర్లలోనే.

3. అర్థశాస్త్రంలోని వెండి, సీసం సాహచర్యం, జాతరూప, ఆకరోద్గత విభజన పరీక్షకు నిలుస్తాయి. రసవిద్ధం నిలవదు.

4. పుట్టు, చేరు, కూడు, అందు అనే నాలుగు క్రియలను వేరువేరుగా వాడితే తెలుగులో ఈ విషయాన్ని గందరగోళం లేకుండా చెప్పవచ్చు. ఇందుకు కొత్త పదాలు కల్పించవలసిన అవసరం లేదు.

కావ్యపాఠంలో జాంబూనదం, జాతరూపం, గాంగేయం వంటి పదాలు ఎదురైనప్పుడు ‘బంగారం’ అని అర్థం చెప్పి ఊరుకోక, ఆ పేరు ఏ దశను చూపుతున్నదో ఒక్క వాక్యంలో సూచించినా విద్యార్థికి భాషతోపాటు లోహచరిత్ర కూడా తెలుస్తుంది. తక్కిన లోహాల పేర్లపైన, ముఖ్యంగా తెలుగు శాసనాలలోని లోహసంబంధ పదజాలంపైన ఈ దృష్టితో పరిశోధన జరగవలసి ఉంది.